ఊటకప్ప ఉండే చోటు

కొడిమ్యాల,
జూన్ 18.

ప్రియమైన కప్పల దొరవారికి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు కప్పల గురించే. మిగిలిన అర పేజీలో నేను, మీ అమ్మ, సిరిసిల్ల, ఎండలు అందరం సర్దుకుని కూర్చున్నాం. పెళ్ళై నాలుగేళ్ళు దాటినా నీ సంసారం కప్పల తక్కెడే! ఆ కేరళ కొండ మీద సెల్ టవర్ లేకపోవడం నా అదృష్టం. ఫోనే ఉంటే ఈ అర పేజీ కూడా దక్కేది కాదు.

మొన్న ఆదివారం సిరిసిల్ల వెళ్ళాను. అత్తమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతూ, తల కూడా ఎత్తకుండా, "ఏం బిడ్డా, నా కొడుకు నిన్ను చేసుకున్నడా, గా కప్పలను చేసుకున్నడా?" అంది. నవ్వాను. "నవ్వకు. గీ దసరాకన్న వస్తడా రాడా, గది చెప్పు" అంది. జవాబు నీ దగ్గర ఉంటే రాసి పంపు, చదివి వినిపిస్తాను.

ఇక నీకు నచ్చే సంగతి. పదో తరగతి పిల్లల్ని తీసుకుని మా బడి వెనక గుట్ట ఎక్కాను, ఆకులు ఏరించడానికి. మధ్యాహ్న భోజనం వండే గౌరవ్వ కూడా వచ్చింది. గుట్టకు ఉత్తరం వైపు రెండు పెద్ద బండల సందులో ఒక ఊట ఉంది. చారెడు నీళ్ళు. మే నెలలో కూడా ఎండదని గౌరవ్వ చెప్పింది. ఆ సందులో కప్పలున్నాయి సురేందర్! బొటనవేలి గోరంత. గోధుమరంగు వీపు, కళ్ళ మీదుగా నల్లటి పట్టీ, వేళ్ళ చివర గుండీల్లాంటి బిళ్ళలు. నువ్వు పంపిన ఫొటోలో నీ కొండకప్ప ఎట్లా ఉందో అచ్చం అట్లాగే. పిల్లల ముందు ఎగిరి గంతేశాను, పరువు పోయింది.

బండ మీద ఎండిపోయినది ఒకటి దొరికితే దూదిలో చుట్టి ఈ పార్సిల్‌లో పెట్టాను. ప్రపంచంలో ఆ ఒక్క కొండ మీదే ఉంటుందని నువ్వు చెప్పే కప్ప మా ఊరి గుట్ట మీద కూర్చుని ఉంది. ఇక నీకు అక్కడేం పని? జగిత్యాల నుంచి గంటకో బస్సు. వచ్చెయ్.

నీకొక పెళ్ళాం ఉందని అప్పుడప్పుడు గుర్తుచేసే,
ప్రవీణ

*

కొండ క్యాంపు,
జూన్ 25.

ప్రియమైన ప్రవీణా,

బియ్యం తెచ్చే జీపులో నీ పార్సిల్ వచ్చింది. దూది విప్పి లెన్సు కింద పెట్టి చూశాను. అదే. అనుమానమే లేదు. ఆ పట్టీ, ఆ వేలి బిళ్ళలు, దవడ వంపు... ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నదాన్ని గుర్తుపట్టలేనా?

నీకు తమాషాగా ఉంది. నాకు నిద్ర లేదు. మన బతుకు ఈ కప్ప మీదే ఆధారపడి ఉందని నీకు ఎన్నిసార్లు చెప్పాను? ఈ కొండ నెత్తి మీద తప్ప ఇంకెక్కడా లేదన్న ఒక్క మాట మీదే నేను అచ్చుకు పంపిన పరిశోధనా వ్యాసం నిలబడింది. అందుకే దీన్ని అంతరించే జాతుల్లో చేర్చారు. అందుకే ప్రభుత్వం ఇక్కడ పర్మినెంట్ కేంద్రం పెడతానంటోంది. ఆ కేంద్రం బాధ్యత నాకే ఇస్తానని మా సార్ మాటిచ్చాడు. ఉద్యోగంతో పాటు క్వార్టర్. రెండు గదులు, వంటింటి కిటికీలోకి మబ్బులు వస్తాయి. నువ్వు సెలవు పెట్టి వచ్చేస్తే మనం మొగుడూ పెళ్ళాల్లాగా ఒక ఇంట్లో ఉంటాం.

ఇప్పుడు అదే కప్ప ఎక్కడో తెలంగాణలో మేకలు తిరిగే గుట్ట మీద కూడా ఉందని తెలిస్తే ఏమవుతుంది? ఇక్కడా అక్కడా ఉన్నది మామూలు కప్ప. మామూలు కప్పకు కేంద్రం ఎందుకు, ఉద్యోగం ఎందుకు? సెప్టెంబర్‌లో తనిఖీకి వస్తున్నారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు. పిల్లలు ఫొటోలు తీసి ఉంటే తీసేయించు. నువ్వు కూడా మళ్ళీ అటు వెళ్ళకు.

ఎండలకు జాగ్రత్త. అమ్మకు దసరా సంగతి తర్వాత రాస్తానని చెప్పు.

ప్రేమతో,
సురేందర్

*

కొడిమ్యాల,
జూలై 9.

ప్రియమైన సురేందర్‌కు,

చెప్పినట్టే చేశాను. పిల్లల ఫోన్లలో ఫొటోలు తీసేయించాను. ఆ ఊట దగ్గరికి ఎవరూ పోవద్దని, కప్పల్ని ముట్టుకోవద్దని జూన్‌లోనే ఊరంతా చాటించాను, ఇప్పుడు వాటిని టీచరమ్మ కప్పలు అంటున్నారు. పిల్లలు పెట్టిన పేరు ఊటకప్ప. బాగుంది కదూ?

వెళ్ళవద్దన్నావు, వెళ్ళాను. కోప్పడు. పొద్దుగూకే వేళకు అవి అరుస్తాయి. అరుపు కాదు, గాజులు గలగలలాడినట్టు ఉంటుంది. ఒకటి మొదలుపెడితే అవతలి సందులోంచి ఇంకొకటి అందుకుంటుంది. రోజూ బడి వదిలాక ఇంటికి పోయి ఏం చేస్తాను? గోడలతో మాట్లాడతానా? అక్కడే కూర్చుంటున్నాను.

సురేందర్, ఒక మాట. ఉన్నదాన్ని లేదని ఎట్లా చెప్పడం? మగ్గం మీద పోగు తెగితే అత్తమ్మ మరమగ్గం ఆపి ముడి వేస్తుంది. నువ్వు తెగిన పోగుతోనే నేసుకుపొమ్మంటున్నావు. ఇంకొక సందేహం కూడా ఉంది, నవ్వకు. నీ కప్ప చలిలో, మబ్బుల్లో బతుకుతుంది. మా బండ మీద మే నెలలో చెప్పులు లేకుండా నిలబడలేం. రెండూ ఒకటేనా? ల్యాబులో చూపించకూడదా?

ఇక్కడ చినుకు లేదు. పత్తి గింజలు రెండుసార్లు పెట్టారు, రెండుసార్లూ భూమిలోనే మాడిపోయాయి. బావులు అడుగంటాయి. గౌరవ్వ రోజూ మొగులు వైపు చూసి, "నీ కండ్లు పోను, ఒక్క సుక్క రాల్చవా?" అని తిడుతోంది. నాకూ ఒకరిని అట్లాగే తిట్టాలని ఉంది.

నీ రాక కోసం చూసే,
ప్రవీణ

*

కొండ క్యాంపు,
జూలై 21.

ప్రవీణా,

ఒళ్ళు మండింది నీ ఉత్తరం చూస్తే. ఎనిమిదో తరగతి పిల్లలకు నువ్వు చెప్పే బయాలజీ వేరు, జాతుల వర్గీకరణ వేరు. కప్పను చేత్తో పట్టుకుంటే చాలు, అదేమిటో చెప్పగలను. ల్యాబు వాళ్ళే అనుమానం వస్తే నా దగ్గరికి వస్తారు. బావిలో కప్పలాగా ఆ గుట్ట ఒక్కటే చూసి నాకు పాఠాలు చెప్పకు.

సరే, కోపం వద్దు. నెమ్మదిగా ఆలోచించు. ఆ ఊట చారెడు అన్నావు. ఊరంతా ఎండిపోయాక అది మాత్రం ఎన్నాళ్ళుంటుంది? ఇంకెక్కడా తడి లేదు కాబట్టి కప్పలన్నీ ఆ సందులోకే చేరి ఉంటాయి. రేపు మేకల కాపరులు నీళ్ళ కోసం ఆ సందు తవ్వుకోవచ్చు. ఎవరైనా రెండు రాళ్ళు అడ్డం పెట్టవచ్చు. నేను నిన్ను ఏమీ చెయ్యమనడం లేదు. పోయేది ఎట్లాగూ పోతుంది అంటున్నాను, అంతే. అది సెప్టెంబర్ లోపల పోతే దసరాకు వచ్చి నిన్ను తీసుకొస్తాను. పోకపోతే నేను ఇక్కడ టెంపరరీగా, నువ్వక్కడ కిరాయి గదిలో, వెంట్రుకలు తెల్లబడేదాకా ఇట్లాగే ఉత్తరాలు రాసుకుందాం.

కప్పలు కావాలా, మొగుడు కావాలా? నీ ఇష్టం.

ప్రేమతో,
సురేందర్

*

కొడిమ్యాల,
ఆగస్టు 4.

ప్రియమైన సురేందర్‌కు,

నువ్వు కోరింది అయిపోయింది. ఊట దగ్గర ఇప్పుడు ఏమీ లేవు. రెండు సాయంత్రాలు చీకటి పడేదాకా కూర్చుని విన్నాను.

వానలు పడ్డాయి. ఊరు సంబరంగా ఉంది. నాకే అన్నం సహించడం లేదు. నిన్ను కోరుకున్నాను, ఎంత కోరుకున్నానో నాకు ఇప్పుడే తెలిసింది, తెలిశాక భయమేసింది.

అత్తమ్మకు దసరాకు వస్తున్నావని చెప్పేశాను. "నిజమేనా?" అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇక రా.

నీ,
ప్రవీణ

*

కొండ క్యాంపు,
ఆగస్టు 30.

నా బంగారం ప్రవీణా,

నువ్వు నా ఇంటి దీపానివి! నా వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నారు. కేంద్రం మంజూరైనట్టే, తనిఖీ పేరుకే అని సార్ అన్నాడు. క్యాంపులో అందరం పాయసం వండుకుని తిన్నాం.

ఒక చిన్న మాట. దసరాకు విదేశాల నుంచి ఒక బృందం వస్తోంది, వాళ్ళకు కొండ నేనే చూపించాలి. క్వార్టర్‌లో మొదటి ఏడాది కుటుంబాలను ఉంచకూడదని కూడా నియమం పెట్టారు. నేను ఏం చెయ్యను చెప్పు? ఇన్నాళ్ళు ఓపిక పట్టావు, ఇంకొక్క ఏడాది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. అమ్మకు నువ్వే ఏదో ఒకటి సర్ది చెప్పు, నీకు బాగా చేతనవును.

ఉత్తరం పెద్దగా రాయలేకపోతున్నాను, కప్పలు గుడ్లు పెట్టే కాలం.

నీ,
సురేందర్

*

కొండ క్యాంపు,
సెప్టెంబర్ 28.

ప్రవీణా, ప్రవీణా,

అలిగావా? నెల రోజులుగా ఒక్క ముక్క లేదు. అలగడానికి ఇది సమయం కాదు. కూర్చుని చదువు.

మా గదిలో ఉన్న నమూనాలన్నీ ల్యాబుకు వెళ్ళినప్పుడు నీ దూది పొట్లం కూడా వాటితో కలిసి వెళ్ళిపోయింది. నాకు తెలియదు. నిన్న రిపోర్టు వచ్చింది. అది నా కప్ప కాదు. నా కప్పకూ దానికీ దూరపు చుట్టరికం కూడా లేదు. పైకి ఒకేలా కనిపిస్తాయి, అంతే. డీఎన్ఏ చూస్తే దాని వంశమే వేరు. మన దిక్కు గుట్టలన్నీ పచ్చటి అడవులుగా ఉన్న కాలంలో బతికిన కప్పల్లో మిగిలిపోయిన ఒక్క కొమ్మ. కొత్త జాతే కాదు, కొత్త ప్రజాతి, అంటే ఇంటిపేరే కొత్తది! ఇట్లాంటిది ఒక మనిషి జన్మలో ఒకసారి దొరికితే గొప్ప. నా కొండకప్ప దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఊటకప్ప ఉండే చోటు ప్రపంచంలో నీ గుట్ట ఒక్కటే.

నేను పొరపాటు పడ్డాను, సరే. ఆ ఊటను ఎవరు మూసినా వెంటనే తెరిపించు. కప్పలు అంత తేలిగ్గా పోవు, బండ పగుళ్ళలోకి దిగి ఉంటాయి. ఇప్పుడు వానలు పడ్డాయి కాబట్టి మళ్ళీ అరుస్తూ ఉంటాయి. వెతుకు. పిల్లల్ని పెట్టి వెతికించు.

ఇంకొకటి, ఇది ముఖ్యం. చెడిపోని నిండు శరీరం ఒకటి లేకుండా కొత్త జాతికి పేరు పెట్టలేం, అది నియమం. నువ్వు పంపినదాన్ని పరీక్షలకు ముక్కలు చేసేశారు. రిపోర్టు సార్ కూడా చూశాడు. ఆయన వేరేవాళ్ళను పంపేలోపల పేరు నేను పెట్టాలి. కాబట్టి ఈ ఉత్తరం అందగానే, ఒక్క రోజు కూడా ఆగకుండా, ఒక మగదాన్ని పట్టుకుని మీ బడి ల్యాబులో స్పిరిట్ సీసాలో వేసి, మూత బిగించి రిజిస్టర్ పార్సిల్ చెయ్. ఎండినవీ కుళ్ళినవీ పనికిరావు. బతికున్నదాన్నే వెయ్యాలి. మిగతావాటిని నేనే వచ్చి చూస్తాను.

అవును, దసరాకు వస్తున్నాను! టికెట్ తీశాను. దానికి నీ పేరే పెడతాను ప్రవీణా. నువ్వూ నేనూ పోయాక కూడా ఆ పేరుంటుంది.

నీ,
సురేందర్

*

కొడిమ్యాల,
అక్టోబర్ 8.

సురేందర్ గారికి,

ఉత్తరం బడి గేటు దగ్గరే విప్పి చదివాను. ఊటకప్పలు ఎట్లా పోయాయని అడిగారేమో అని మొదట వెతికాను. ఇప్పుడు కూడా అడగలేదు. నేనే చెబుతాను, నిలబడి చదవకండి.

జూలై నెలాఖరున గౌరవ్వ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, రేపు వాన కోసం కప్పతల్లి ఆడుతం. ఊర్లె ఒక్క కప్ప దొరుకుతలేదు. బాయిలన్ని ఎండినయి, ఉన్నయన్ని మట్టిల దాసుకున్నయి. గుట్ట మీద నీ కప్పలున్నయి గదా, తెచ్చుకుందుమా? నువ్వద్దంటె మట్టితోని కప్పను చేసి ఆడుతం" అంది. వద్దంటే ఆగిపోయేది. నా బ్యాగులో మీ ఉత్తరం ఉంది. తెచ్చుకోండి అన్నాను. అంతటితో ఊరుకోలేదు. ఒకటి రెండు కాదు, ఉన్నవన్నీ తెచ్చి వాడకో రోకలి కట్టండి అన్నాను. గౌరవ్వ నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

కప్పతల్లి మీకు తెలియనిది కాదు. అయినా ఈ ఏడు ఎట్లా ఆడారో చెప్పాలి. రోకలికి నడుమ వేపాకు కట్టి, తడిగుడ్డలో కప్పను చుట్టి, పిల్లలు రెండు కొసలూ భుజాన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తాగడానికి ట్యాంకర్ నీళ్ళు తప్ప లేవు. అయినా ఒక్క ఆడమనిషి కూడా వెనకాడలేదు. పసుపు నీళ్ళు బిందెలతో కుమ్మరించారు. తల్లి తడిస్తే మొగులు కదులుతుందని దండం పెట్టారు. నేను కూడా మా గుమ్మంలో ఒక బిందె పోశాను.

ఆట అయ్యాక కప్పల్ని మళ్ళీ నీళ్ళలో వదలాలి, అది ఆనవాయితీ. గౌరవ్వ అన్ని రోకళ్ళ మీది కప్పల్నీ విప్పి, ఒక కుండలో వేసి, మూత పెట్టి నాకు తెచ్చి ఇచ్చింది. అన్నీ ప్రాణాలతోనే ఉన్నాయి. "తల్లులు అలిసిపోయినయి. పొద్దుగూకకముందే ఊటల ఇడిచిరా టీచరమ్మా. నీళ్ళల్ల ఇడిస్తెనే వాన" అంది. సరేనన్నాను. నేను గుట్ట వైపు పోలేదు. మా ఇంటి డాబా ఎక్కి, కుండను ఎండలో పెట్టి, బడికి పోయాను. ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ఉభయచరాల పాఠం ఉంది. చర్మం తడిగా లేకపోతే కప్ప ఊపిరి తీసుకోలేదని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను.

సాయంత్రం వాన కొట్టింది. వాన అంటే వానా? బజార్లన్నీ కాలువలయ్యాయి. ముసలివాళ్ళు కూడా బయటికొచ్చి తడిశారు. గౌరవ్వ పరుగెత్తుకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "నీ చేతి చలువ టీచరమ్మా! నువ్వు ఇడిచినవు, వాన అచ్చింది!" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా ఇద్దరిదీ ఒకే ఏడుపు అనుకుంది పాపం. ఆమె వెళ్ళాక డాబా ఎక్కి మూత తీశాను. ఏం చూశానో రాయను. మీకు అట్లాంటివి అలవాటే.

ఒకటి మాత్రం బతికి ఉంది. మూతకు అంటుకున్న తడి వేపాకు కింద దాక్కుంది. మగది. స్నానాల గదిలో మట్టితొట్టిలో రాళ్ళు పెట్టి, దాన్ని అందులో ఉంచాను. మీకు చెప్పలేదు. చెబితే దాన్ని కూడా తీసెయ్యమంటారు. ఉసిళ్ళు పట్టి వేసేదాన్ని. పొద్దుగూకగానే అరిచేది. కాసేపు అరిచి ఆగేది, మళ్ళీ అరిచేది. గుట్ట మీద వదిలేద్దామని రెండుసార్లు తీసుకెళ్ళి రెండుసార్లూ తిరిగి తెచ్చాను. అక్కడ దానికి ఎవరున్నారని? నాకైతే దాని అరుపు ఇష్టంగా ఉండేది. ఇంటికి పోవాలనిపించేది. పెళ్ళయ్యాక ఇంటికి పోవాలనిపించడం అదే మొదటిసారి.

ఏడాది ఓపిక పట్టమన్న మీ ఉత్తరం వచ్చాక సిరిసిల్ల వెళ్ళాను. సర్ది చెప్పమన్నారుగా, నాకు చేతకాలేదు. ఉన్నదున్నట్టు అన్నీ చెప్పాను, కుండ సంగతి కూడా. అత్తమ్మ చేతిలోని కండె పక్కన పెట్టింది. తర్వాత, "వాన్ని కన్నది నేను, నేను మోస్త. నువ్వెందుకు మోస్తవు? పో బిడ్డా, నీ తల్లిగారింటికి పో" అంది. ఈ వారమే కోరుట్ల వెళ్ళిపోతున్నాను. బదిలీ కూడా అటే అడిగాను. దసరాకు మీరు ఇక్కడికి వస్తే గదికి తాళం ఉంటుంది. నాలుగేళ్ళు రమ్మని నేను బతిమాలితే రాని మనిషి గోరంత కప్ప కోసం టికెట్ తీశాడు. ఆ మాట చదివాక నాలో ఇంకేమీ మిగల్లేదు.

మీరు చెప్పినట్టే చేశాను. ఎప్పుడు చెయ్యలేదు కనుక? మీ ఉత్తరం అందిన రోజే బడి ల్యాబుకు తీసుకెళ్ళి, బతికున్నదాన్ని బతికున్నట్టే స్పిరిట్‌లో వేశాను. కొంతసేపు కొట్టుకుంది. చెయ్యి సీసా మీదే పెట్టి నిలబడ్డాను. అది ఆఖరిదని తెలుసు. తెలిసే వేశాను.

ఆ సీసా ఈ పార్సిల్‌లో ఉంది. చెడిపోలేదు, నిండు శరీరం, మగది. మీకు పేరు దక్కుతుంది. నా పేరు మాత్రం పెట్టకండి. పెడితే కోర్టుకు పోతాను, మర్యాదగా చెబుతున్నాను. మీ సార్ పేరు పెట్టుకోండి, ఆయన సంతోషిస్తాడు.

మిగతావాటిని వచ్చి చూస్తానన్నారు. మిగతావి లేవు. మీకు పని తగ్గించడానికి సీసా మీద చీటీ కూడా నేనే రాసి అంటించాను. పేరు రాసే చోటు మీకే వదిలేశాను. దాని కింద, ఉండే చోటు అన్న దగ్గర, 'ఈ సీసాలో' అని రాశాను.

ఇట్లు,
ప్రవీణ